విస్తరి ముందు నుంచి

మా అమ్మాయి పెళ్లిలో, విస్తరి ముందు కూర్చుని అన్నం కలుపుకుంటున్న ఒక ముసలాయనను నేను లేపాను. ఆయన మా అమ్మకు సొంత బాబాయి, నాకు చినతాత. తొంభైకి దగ్గరపడ్డ మనిషి. విజయవాడలో కల్యాణమండపం, కింది అంతస్తులో భోజనాల హాలు. వియ్యంకులు బఫే చాలన్నారు. కాదు, బల్లల ముందు కూర్చోబెట్టి అరిటాకుల్లోనే వడ్డించాలని పట్టుబట్టింది నేను. ఎందుకో మా ఆవిడకు కూడా చెప్పలేదు.

ఆయన ఆకులో పప్పు పడింది, నెయ్యి పడింది. నేను వెనక నుంచి వెళ్లి వంగి, "తాతయ్యా, మగపెళ్లివాళ్ల బస్సొచ్చింది. మీరు మనవాళ్లే కదా, తర్వాత బంతిలో తిందురుగాని, లేవండి" అన్నాను.

బస్సేమీ రాలేదు. మగపెళ్లివాళ్లంతా అప్పటికే తిని, మేడమీద కిళ్లీలు నములుతున్నారు.

ఆ మాటలు నావి కావు, ఆయనవే. నాకు ఎనిమిదేళ్లప్పుడు మా అమ్మమ్మతో అన్నాడు. అప్పటినుంచి అవి నా దగ్గరే ఉన్నాయి.

అమ్మమ్మది చల్లపల్లికి దగ్గర్లో నేతపని చేసే ఊరు. తాతయ్య పోయాక మగ్గం అమ్మేసి, పక్క ఇళ్లవాళ్లకు రాట్నం మీద కండెలు చుట్టిపెట్టేది. వేసవి సెలవులన్నీ నేను ఆ రాట్నం పక్కనే గడిపాను. చుడుతూనే కథ చెప్పేది. పోగు తెగితే కథ ఆగేది. ముడి వేసి, కొసను పళ్లతో కొరికి, "ఎక్కడున్నాం రా?" అని అడిగేది. నేను కావాలని కొంచెం వెనక్కి వెళ్లి చెప్పేవాణ్ణి, ఆ ముక్క మళ్లీ వినొచ్చని. అమ్మమ్మకు తెలుసు. తెలిసీ మళ్లీ చెప్పేది.

ఆమెకు ఒక పట్టింపు ఉండేది. అన్నం ముందు కూర్చున్న మనిషిని ఎవరూ పిలవకూడదు. వీధిలోంచి ఎవరొచ్చి కేకేసినా గుమ్మంలో నిలబడి, "అన్నం ముందున్నాడు, ఆగండి" అనేది. ఒకసారి నేను పక్కింటివాళ్ల నూలు చిక్కు చేసి పారిపోయి, ఆకలేసి తిరిగొచ్చాను. ఒక్క మాట అనకుండా మామిడికాయ పప్పుతో అన్నం పెట్టింది. మజ్జిగన్నం కూడా తిననిచ్చింది. చెయ్యి కడుక్కుని వచ్చాక కొట్టింది.

అలాంటి మనిషిని ఆయన లేపాడు.

చినతాతకు చల్లపల్లిలో బట్టల కొట్టు ఉండేది. ఆయన కూతురి పెళ్లికి అమ్మమ్మను రెండు రోజుల ముందే పిలిపించాడు, బూరెలు వండడానికి. భర్త పోయిన మనిషి కాబట్టి పందిట్లోకి రానివ్వలేదు. అమ్మమ్మ దానికేమీ అనుకోలేదు. తెల్లవారకముందే పెరట్లో పొయ్యి ముందు కూర్చుని, నూనె చిట్లి ముంజేతులు మచ్చలు పడుతున్నా, ఊరంతటికీ సరిపడా బూరెలు వండింది. పొద్దెక్కాక రెండో బంతిలో ఒక చివర నన్ను పక్కన పెట్టుకుని కూర్చుంది. వడ్డించారు. మొదటి ముద్ద కలిపి నా నోట్లో పెట్టింది. రెండోది తనకోసం కలుపుకుంటోంది.

ఆయన భుజం మీద కండువాతో హడావిడిగా వచ్చాడు. "వదినా, మగపెళ్లివాళ్ల బస్సొచ్చింది. మీరు మనవాళ్లే కదా, తర్వాత బంతిలో తిందురుగాని, లేవండి. ఒరేయ్ నువ్వూ లెగు."

అమ్మమ్మ ముద్దను ఆకులో పెట్టి లేచింది. మా ఆకులు మడిచి తీసేసి కొత్తవి వేశారు. ఆమె వండిన బూరె ఒకటి కింద పడితే ఎవరో కాలితో పక్కకు నెట్టారు.

తర్వాత బంతికి మేం ఆగలేదు. చేతిసంచీ తీసుకుని, పెళ్లికూతురి గదిలో ఉన్న మా అమ్మకు కూడా చెప్పకుండా, నన్ను బస్టాండుకు నడిపించింది. అక్కడ బన్ను కొనిచ్చింది.

"నువ్వు తినవా అమ్మమ్మా?"

"ఇంటికెళ్లి తింటా. మనకి ఇల్లుందిగా."

ఆ తర్వాత ఆయన ఇంట్లో ఆమె మంచినీళ్లు కూడా ముట్టలేదు. ఆయన మాత్రం ఊరికి వచ్చినప్పుడల్లా అమ్మమ్మ దగ్గరే భోంచేసేవాడు. ఆమె పీట వేసి, ఆకు వేసి, ఏ కూర కావాలో అడిగి మరీ వండి పెట్టేది. ఆయన మొదటి ముద్ద ఎత్తగానే, "నిదానంగా తినండి మరిదిగారూ, ఇక్కడెవరూ లేపరు" అనేది. ప్రతిసారీ అదే మాట. ఆయన పొలమారేదాకా నవ్వేవాడు. "మా వదినకి ఎప్పుడూ హాస్యాలే" అని నావైపు చూసి కన్ను గీటేవాడు.

అమ్మమ్మ పోయినప్పుడు నేను పేపర్లో రిపోర్టర్‌ని. దినం నాడు ఆయన మొదటి బంతిలో కూర్చుని బూరెలు మళ్లీ వేయించుకున్నాడు. "ఎన్ని చెప్పండి, వదిన చేతి బూరె రాదండీ" అని పక్కవాళ్లతో అన్నాడు. నేను ఆ వరసకే పెరుగు వడ్డిస్తున్నాను. ఎప్పటికైనా ఈయనను విస్తరి ముందు నుంచి లేపాలని ఆ పూటే అనుకున్నాను. ఆయన మొహంలో ఏం కనిపిస్తుందో చూడాలనుకున్నాను. మొహాలు చూసి రాయడమే నా ఉద్యోగం, ఏళ్ల తరబడి అదే చేశాను.

మా అమ్మాయి పెళ్లిలో చూశాను. ఆయన కలిపిన ముద్దను ఆకులో పెట్టి, "అలాగే నాయనా, ముందు వాళ్ల సంగతి చూడు" అన్నాడు. చేతికర్ర నేనే అందించాను. పప్పు అంటిన చెయ్యి పైకెత్తి పట్టుకుని గోడ పక్కన నిలబడి, పెళ్లికొచ్చిన ఎవరితోనో మాట్లాడుకున్నాడు. తర్వాత బంతిలో కూర్చుని పెరుగన్నం దాకా తిన్నాడు. ఆ మొహంలో నేను చూడాలనుకున్నది ఏదీ రాలేదు.

పాపం ముసలాయన అని నాకు అనిపించలేదు. అనిపించి ఉంటే అదీ రాసేవాణ్ణి.

రెండు రోజులాగి అమ్మ ఫోన్ చేసింది. "బాబాయ్ ఒకటే పొగడ్తరా నిన్ను. ఈ రోజుల్లో అందరూ నన్ను చుట్టంలా చూస్తున్నారు, వీడొక్కడే సొంతమనిషిలా చూశాడు, చనువుగా లెమ్మన్నాడు అని ఊరంతా చెప్తున్నాడు."

అసలు సంగతి అమ్మకు అప్పుడు చెప్పాను. అమ్మ విని, "పెళ్లి హడావిడిలో ఎవర్నో ఒకర్ని లేపుతారు కదరా, దానికింత కడుపులో పెట్టుకోవాలా" అంది. "మరి మీ అమ్మ ఎందుకు పెట్టుకుంది?" అన్నాను.

వచ్చే నెలలో ఆయన మునిమనవరాలి ఓణీల ఫంక్షన్. మనవడి చెయ్యి పట్టుకుని, గవర్నర్‌పేటలో మేం ఉండే ఫ్లాటుకు మూడంతస్తులు ఎక్కి వచ్చి, ఆయనే కార్డు ఇచ్చాడు. "నువ్వు మొదటి బంతిలో నా పక్కన కూర్చోవాలి అబ్బాయ్, ముందే చెప్తున్నా" అన్నాడు. మా ఆవిడ కాఫీ తెచ్చేలోపు మేమిద్దరమే ఉన్నాం. చెప్పడానికి కావలసినంత సమయం ఉంది. మెట్లు ఎక్కిన ఆయాసం ఆయనకు ఇంకా తీరలేదు.

నేను వస్తానని అనలేదు, రానని కూడా అనలేదు. తన కూతురి పెళ్లిలో తాను ఎవరిని లేపాడో ఆయనకు ఇప్పటికీ తెలియదు.