అరవై మూడో గొట్టం

హనుమేష్‌కు ఇచ్చిన జాబితాలో అరవై మూడు బోర్లున్నాయి. అన్నీ ఎండిపోయినవే. ఏది ఏ రైతు పొలంలో ఉంది, గుంతలో దించిన కేసింగు పైపు మిగిలిందా పీకేశారా అన్న వివరాలు వరసగా రాసి ఉన్నాయి. అతను ఇంటికి పోయి ఆ వరస మార్చి ఇంకో కాగితం మీద రాసుకున్నాడు. పదకొండో నంబరులో ఉన్న సిద్దమ్మ బోరును తీసి చిట్టచివర పెట్టాడు. ఎందుకని ట్రాక్టరు తోలే బొజ్జన్న అడిగితే ఆ పొలానికి దారి బాగా లేదన్నాడు. దారి బాగానే ఉంది.

హనుమేష్‌ది నందికొట్కూరు. వయసు నలభై మూడు. చేసేది వెల్డింగు పని. అయినా ఆ ఊళ్లో ముప్పై దాటిన మగవాళ్లను ఎవరిని కదిపినా వెల్డింగు హనుమేష్ అనరు, గేముల హనుమేష్ అంటారు. 2003లో బస్టాండు వెనక సందులో, ఎరువుల గోడౌను పక్కన ఒక గది తీసుకొని నాలుగు పాత టీవీలు పెట్టాడు. కిటికీకి దుప్పటి కట్టాడు. ఒక్కో టీవీ ముందు ఒక బెంచీ. కాలేజీ ఎగ్గొట్టినవాళ్లు, బస్సు తప్పిపోయినవాళ్లు, ఇంట్లో తన్నులు తిన్నవాళ్లు అందరూ అక్కడే తేలేవాళ్లు.

అందరికీ కావలసిన ఆట ఒకటే. దాని అసలు పేరు ఎవరికీ పట్టలేదు. గొట్టాల ఆట అనేవాళ్లు. ఒక మనిషి ఎడమ నుంచి కుడికి పరుగెత్తుతూ, గుంతలు దూకుతూ పోతుంటాడు. దారిలో అక్కడక్కడా పచ్చ గొట్టాలు నిలబడి ఉంటాయి. కొన్ని ఊరికే అడ్డం. కొన్నింటి మీద నిలబడి కింది బటను నొక్కితే మనిషి లోపలికి జారిపోయి ఇంకెక్కడో పైకి వస్తాడు. ఏది దారో, ఏది ఉత్త గొట్టమో చూసి చెప్పలేరు. దిగి తెలుసుకోవాల్సిందే.

ఆ ఆటకు ఏటేటా కొత్త భాగాలు వచ్చేవి. హనుమేష్ కర్నూలు పోయి వెతికి తెచ్చేవాడు. ఒక్కో భాగంలో ఆకాశం రంగు మారేది, కొండలు మారేవి, శత్రువుల మొహాలు మారేవి. చదునుగా ఉండే బొమ్మలు కొన్నాళ్లకు గుండ్రంగా, నిజం మనుషుల్లా తయారయ్యాయి. గొట్టం మాత్రం మారలేదు. అదే పచ్చ రంగు, అదే లావు, మూతి దగ్గర అదే మందపాటి అంచు.

"అది మూలవిరాట్టప్పా. కడమవన్నీ ఉత్సవ విగ్రహాలు. తిప్పుతాంటారు, మారుస్తాంటారు. దాన్ని కదిలీరు" అని చెప్పేవాడు కుర్రవాళ్లకు.

2016 నాటికి ఆటలన్నీ ఫోన్లలోకి వచ్చేశాయి. బెంచీలు ఖాళీ అయ్యాయి. హనుమేష్ టీవీలు పాత సామాన్లవాడికి వేసి, బావమరిది దగ్గర వెల్డింగు నేర్చుకున్నాడు.

ఈ ఏడు ఎండాకాలం ముందు, ఎక్కడో ఒక బిడ్డ బోరుగుంతలో పడ్డాక, వట్టిపోయిన బోర్లన్నీ మూయాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. బేతంచెర్ల అవతల కనుమకింది కొట్టాల పంచాయతీలో ఆ పని హనుమేష్‌కు దొరికింది. ట్రాక్టరు, జనరేటరు బొజ్జన్నవి. బొజ్జన్న అతనికంటే పదేళ్లు పెద్ద. నోరు ఊరుకోదు.

ఆ చుట్టుపక్కల నేల సున్నపురాయి. కింద గుల్ల. బోరు వేసేటప్పుడు రాడ్డు ఉన్నట్టుండి పదడుగులు జారిపోతుంది. ఖాళీ తగిలిందంటారు. నీళ్లు పడవు గానీ బోరు ఊపిరి తీయడం మొదలుపెడుతుంది. పొద్దున గాలిని లోపలికి పీలుస్తుంది. పది దాటాక బయటికి వదులుతుంది. సాయంత్రం అయిదింటికి మళ్లీ తిరగబడుతుంది. ఊరివాళ్లకు ఇదేమీ వింత కాదు. బయట నిప్పులు కురుస్తుంటే లోపలి గాలి చల్లగా వస్తుంది కాబట్టి ఆడవాళ్లు మజ్జిగ కుండలు తెచ్చి బోరు మూతి పక్కన పెట్టుకుంటారు.

పని పద్ధతి తేలికే. కేసింగు పైపును మోకాలెత్తున కోసి, పైపు కంటే వెడల్పున్న ఇనుప రేకు గుండ్రంగా కత్తిరించి మూతికి వెల్డింగు పెట్టాలి. పైపు పీకేసిన చోట కొత్త ముక్క దించాలి. చుట్టూ నాపరాయి బండలు సిమెంటులో కూర్చాలి. ట్రాక్టరు నాగళ్లు తగలకుండా దూరానికి కనపడేలా రంగు వేయాలి. ఏ రంగైనా పర్లేదన్నారు ఆఫీసులో. హనుమేష్ ఆలోచించకుండా పచ్చ రంగు కొన్నాడు.

పదో బోరు అయ్యాక గట్టెక్కి వెనక్కి తిరిగి చూశాడు. ఎర్రటి బీడు నేల, మీద ఉత్త ఆకాశం, మధ్య మధ్య పచ్చ గొట్టాలు. ఒక్కోదానికి మూతి దగ్గర మందపాటి అంచు. చాలాసేపు అట్లాగే నిలబడ్డాడు.

"ఏమప్పా, దయ్యం పట్టినోడి మాదిరి చూస్తాండావు?" అన్నాడు బొజ్జన్న.

"ఈ రంగు వద్దనుకుంటాండా బొజ్జన్నా."

"ఆరు డబ్బాలు తెచ్చినాక ఇప్పుడు వద్దంటావా? బోరుకేమన్నా పెండ్లిచూపులా, రంగు నచ్చేదానికి?"

పని నడుస్తున్న కొద్దీ ఇంకో సంగతి బయటపడింది. ఒక బోరు మూస్తే దాని ఊపిరి ఆగిపోవడం లేదు. పక్క బోర్లకు పోతోంది. ముప్పై మూసేసరికి మిగిలినవాటి గాలికి తలగుడ్డలు ఎగిరాయి. యాభై దాటాక అవి ఈల వేయడం మొదలుపెట్టాయి. అరవై రెండోది మూసిన రోజు, మూతి బిగిసిన మరుక్షణం, కొండవైపు నుంచి సన్నటి కూత ఒకటి వినబడింది. అటువైపు మిగిలింది సిద్దమ్మ పొలమే.

సిద్దమ్మకు ఒక్కడే కొడుకు, చంద్ర. నందికొట్కూరులో హాస్టల్లో ఉండి డిగ్రీ చదివాడు. మూడేళ్లూ హనుమేష్ కొట్లోనే గడిపాడు. గొట్టాల ఆటలో వాణ్ని మించినవాడు లేడు. 2012 మే నెలలో ఊరికి పోయి, ఎండిన బావిలో పూడిక తీయడానికి దిగాడు. గడ్డపార పోటుకు పక్కగోడలో రాళ్లు కూలి ఒక బొరియ బయటపడింది. పైకి వచ్చి హనుమేష్‌కు ఫోను చేశాడు.

"అన్నా, మా బాయిలో గొట్టం మాదిరి బొక్క పడిండాది. మనిషి పట్టేంత ఉండాది. లోపల్నుంచి సల్లగాలి వస్తాండాది."

సెలవుల రోజులు. కొట్టు కిటకిటలాడుతోంది. ఫోను చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి హనుమేష్ అన్నాడు: "ఇంకేమప్పా, దిగు. యాడో ఒకచోట తేల్తావు."

ఇద్దరూ నవ్వుకున్నారు. చంద్ర టార్చిలైటు తీసుకొని మళ్లీ దిగాడు.

మూడు రోజులు వెతికారు. బొరియ కొంతదూరం పోయి మూడు పాయలైంది. ఆపైన తాళ్లు చాలలేదు. చంద్ర పైన వదిలిన ఫోను చూసి పోలీసులు హనుమేష్‌ను పిలిపించారు. కొత్త సీడీ వచ్చిందా అని అడిగాడు సార్, అంతే, అని చెప్పాడు. వానాకాలం రాకముందే ఊరివాళ్లు ఆ బావిని రాళ్లతో పూడ్చేశారు. హనుమేష్ పరామర్శకు కూడా పోలేదు. ఆ తల్లి మొహం ఎట్లా ఉంటుందో అతనికి తెలియదు. పదమూడేళ్లుగా ఆ ఒక్క మాట భార్య శివజ్యోతికైనా చెప్పలేదు.

చివరి రోజు పన్నెండు గంటలకు ట్రాక్టరు సిద్దమ్మ పొలం చేరింది. మర్నాడు ఆఫీసరు తనిఖీకి వస్తాడు. కూత ఇంజను చప్పుడును దాటి వినబడుతోంది. పొలం నడుమ బోరు గొట్టం నిలబడి ఉంది. దాని చుట్టూ అరవై అడుగుల మేర నాగలి తగల్లేదు. మనిషి నడిచిన జాడ లేదు. మోకాలెత్తు ఎండుగడ్డి పెరిగి, గొట్టం నుంచి నలువైపులకూ దువ్వినట్టు బయటికి వాలి ఉంది.

రేగుచెట్టు కింద నుంచి ఒక ముసలామె కర్ర ఎత్తుకుని లేచింది.

"ఓయ్, యాడికప్పా? ఆడనే ఆగండి. దాని కాడికి పోవద్దు."

"బోరు మూసేదానికి వచ్చినాం అవ్వా. ఆఫీసు ఆర్డరు" అన్నాడు బొజ్జన్న.

"ఆర్డరును నీ నెత్తిన పెట్టుకో. గొర్రెల్ని గుడక పోనీను నేను. మనిషి పక్కన నిలబడితే లోపలుండేది బయటికి రాదు. నీకు తెల్సా?"

"ఎవరు చెప్పినారవ్వా ఈ శాస్త్రం?"

"మా చంద్రడు. వాడు ఆడే ఆటలో అంతేనంట. గొట్టం పక్కన మనిషుంటే లోపలుండేది తల బయటికి పెట్టదంట. ఎడంగా పోతేనే వస్తాదంట. పదమూడేండ్లుగా ఈ చెట్టు దాటి పోలేదప్పా నేను."

ఆ కిటుకు చంద్రకు నేర్పింది హనుమేషే. రెండో టీవీ ముందు, వాడి భుజం మీద చెయ్యి వేసి చెప్పాడు: గొట్టంలోంచి పళ్లున్నదొకటి లేస్తుంది, అది లేవకుండా ఉండాలంటే గొట్టాన్ని ఆనుకొని నిలబడు. చంపేదాన్ని ఆపే ఉపాయం అది. ఈమె దాన్ని తిరగేసుకొని పదమూడేళ్లు కూర్చుంది.

బొజ్జన్న గుసగుసగా అన్నాడు: "నేను మాటల్లో పెడతా. నువ్వు పోయి రేకు అంటించెయ్. అర్ధగంట పని."

నిజంగానే అర్ధగంట పని. రేకు కత్తిరించి సిద్ధంగా ఉంది. మూసేస్తే జాబితా ముగుస్తుంది, ఈ ఊరికి మళ్లీ రానక్కర్లేదు, ఫోను మాట తనతోపాటే పోతుంది. హనుమేష్ రేకు చేతిలోకి తీసుకున్నాడు. మళ్లీ ట్రాలీలో పెట్టి, రేగుచెట్టు దగ్గరికి పోయి ఆమెకు ఎదురుగా కింద కూర్చున్నాడు.

"అమ్మా, నా పేరు హనుమేషు. నందికొట్కూరు."

ఆమె తేరిపార చూసింది. "గేముల హనుమేషా? మావాడు అన్నం తింటా గుడక నీ మాటే చెప్పేటోడు. అప్పుడు రాలేదేమప్పా నువ్వు? ఊరంతా వచ్చిండ్రి."

"మొగం చెల్లలేదు" అన్నాడు. ఆపైన ఫోను సంగతి మొదటినుంచి చెప్పాడు. కొట్లో ఎంతమంది ఉన్నారో, చంద్ర ఏమన్నాడో, తనేమన్నాడో, ఎట్లా నవ్వారో, పోలీసులతో ఏం అబద్ధం చెప్పాడో అన్నీ. చెప్పేటప్పుడు ఆమె కాళ్లకేసే చూశాడు.

సిద్దమ్మ ఏడవలేదు, తిట్టలేదు. కర్ర కొనతో మట్టిలో ఒక గీత గీసింది.

"యాడ తేల్తావని చెప్పినావు?"

"యాడో ఒకచోట అనమ్మా. అంతే."

"ఆ ఆటలో యాడ తేల్తారు? దగ్గరుండే గొట్టంలోనా?"

"అట్లేం లేదమ్మా. ఒక్కోసారి శానా దూరంలో తేల్తారు. ఏ గొట్టమో ముందుగా తెలీదు."

ఆమె చెయ్యి ఆగింది. "నేను బాయికి దగ్గరని దీన్నే పట్టుకొని కూసుంటి." గట్టు అవతల ఊరి పొలాల వైపు చూసింది. "కడమవి యాడుండాయప్పా?"

హనుమేష్ బొజ్జన్న వైపు చూశాడు. బొజ్జన్న తల తిప్పుకున్నాడు.

"మూసేసినామమ్మా."

"ఎన్ని?"

"అరవై రెండు."

"పక్కన నిలబడే మూసినారా?"

"పక్కన నిలబడకుండా మూయలేము కదమ్మా."

"అందుకే" అంది సిద్దమ్మ నెమ్మదిగా. "నెలన్నాళ్లుగా దీని అరుపు ఎందుకు పెరుగుతాందో అనుకుంటాండా. అన్నీ చూసుకొని ఇట్లొస్తాండాడు."

బొజ్జన్న ట్రాక్టరు దగ్గరికి పోయి జనరేటరు తాడు బిగించాడు, విప్పాడు, మళ్లీ బిగించాడు. మూడింటికి వచ్చి, "పోదాం పా హనుమేషూ. రేపు పొద్దున్నే చూసుకుందాం. పొద్దున పీలుస్తాదే గానీ కూత ఉండదు" అన్నాడు.

"నువ్వు పో బొజ్జన్నా. ఆఫీసులో అరవై రెండని చెప్పు."

"ఇంకోటి ఏమాయె అంటే?"

"దాని కాడికి పోయే పని లేదని చెప్పు."

ట్రాక్టరు పోయింది. ఇద్దరే మిగిలారు. ఇది గాలి అని హనుమేష్‌కు తెలుసు. గుల్ల నేల, ఎండ, గాలి. నెలరోజులుగా తన చేతులతో తనే దాన్ని ఇంటింటి నుంచి తరిమినట్టు తరిమి ఇక్కడికి తెచ్చాడు. గొట్టం వెడల్పు జానెడు. అదీ తెలుసు. అయినా లేవబుద్ధి కాలేదు. కూత హెచ్చుతూ తగ్గుతూ వస్తోంది. ఎవరో మెట్లెక్కుతూ ఆగి ఆగి ఊపిరి తీసుకుంటున్నట్టుంది.

అయిదు దాటింది. ఎండ కొండ మీదికి జరిగింది. గాలి తిరగబడే వేళ.

కూత ఠక్కున ఆగిపోయింది. రోజూ ఆ వేళకు ఎండుగడ్డి లేచి నిలబడి, కాసేపటికి గొట్టం వైపు వంగుతుందని సిద్దమ్మ చెప్పింది. ఇద్దరూ చూస్తున్నారు. గడ్డి లేవలేదు. లోపల్నుంచి ఇంకా ఏదో తోస్తున్నట్టు, వాలింది వాలినట్టే ఉంది.

సిద్దమ్మ చప్పుడు చేయకుండా లేచి, అతని చొక్కా పట్టి లాగింది.

"ఇంకొంచెం ఎనక్కి రాప్పా."

హనుమేష్ చెప్పులు విడిచి చేతిలో పట్టుకొని ఆమె వెంట వెనక్కి నడిచాడు. గట్టు దాకా పోయారు. అక్కడా ఆగకుండా, గట్టు దిగి, బండ్లబాట అవతలి పక్కకు పోయి నిలబడ్డారు.