మొరం తట్టల క్రిస్మస్ పాట

డిసెంబరు మొదలైందంటే మా గద్వాలలో చర్చి మైకులకు పూనకం వస్తుంది, నాకు భయం పట్టుకుంటుంది. మేము క్రైస్తవులమే. ఆరాధనకు పోతాను, పండుగంటే ఇష్టమే. నా భయమంతా పాటలతోనే. ఏటా అవే పాటలు, అదే కీబోర్డు, బావిలోంచి పిలిచినట్టుండే అదే ఎకో. పైగా సగం పాటల్లో మంచు కురుస్తుంది. పాలమూరు మనిషికి మంచంటే ఫ్రిజ్ పై అరలో పేరుకునేదే. దాన్ని కూడా మా ఇంట్లో చెంచాతో గీకి పారేస్తారు. అయినా మా చర్చి పిల్లలు నెత్తిన దూది అంటించుకుని, మిట్టమధ్యాహ్నం చెమటలు కక్కుతూ చలికి వణికినట్టు నటిస్తారు. పెద్దలు మురిసిపోయి చప్పట్లు కొడతారు.

ఆ కసితోనే ఎవరూ వినని క్రిస్మస్ పాటలు పోగుచెయ్యడం మొదలుపెట్టాను. నాది కరెంటు ఆఫీసులో ఉద్యోగం. ఆదివారం ఆరాధన కాగానే బండి తీసి ఊళ్ళమీద పడతాను. తిమ్మాజిపేట వైపు ఒక పాస్టరుగారు తన ఇంట్లోనే రికార్డు చేసిన క్యాసెట్ దొరికింది. గొర్రెల కాపరుల చరణం దగ్గర అందులో నిజంగానే మేక అరుస్తుంది. సమయానికి గొర్రె దొరకలేదేమో. వనపర్తి కుర్రాళ్ళు బారాత్ బ్యాండు దరువు మీద పాడిన సీడీ ఒకటుంది. అది వింటుంటే పశువుల తొట్టిలో ఉండాల్సిన పసివాణ్ణి గుర్రమెక్కించి ఊరేగిస్తున్నట్టుంటుంది. అయిజ అవతలి నుంచి వచ్చిన ఒక పాటకు పల్లవి తెలుగు, చరణం కన్నడం. మూడో చరణానికొచ్చేసరికి తను ఏ రాష్ట్రంలో ఉన్నాడో పాడేవాడికే తెలియలేదు. ఇక నాగర్‌కర్నూల్ ఆల్బం ఒకటుంది, అందులో పాట కంటే సహకరించిన దాతల పేర్లే ఎక్కువసేపు వస్తాయి. ఇన్ని మాటలంటాను కానీ, వీటిలో ఏ ఒక్కటి పారేస్తానన్నా కొట్లాటకు పోతాను.

మా ఆవిడది నాగర్‌కర్నూలే. వంటింట్లోంచి అరుస్తుంది.

"గవి పాటలా, పంచాయితీలా? తల పలుగుతున్నది. చెవులల్ల పెట్టుకోని ఇను."

దాతల పేర్లున్న ఆల్బం మాత్రం గట్టిగా పెట్టమంటుంది. అందులో వాళ్ళ మేనమామ పేరుంది.

ఇంత పోగేసిన నా దగ్గర, నాకు నిజంగా కావలసిన పాట మాత్రం పోయిన డిసెంబరు దాకా లేదు. అది మా అమ్మ పాడిన పాట. అమ్మా, పెద్దమ్మా వయసులో ఉన్నప్పుడు గుంపు మేస్త్రి వెంట కాలువలు తవ్వే పనికి పోయేవాళ్ళు. పండుగకని కూలీలను ఊరికి పంపే మేస్త్రి ఇంకా పుట్టలేదు కాబట్టి, వాళ్ళ క్రిస్మస్ ఆ కాలువ గట్టు మీద, పని మధ్యలోనే జరిగిపోయేది. ఆడవాళ్ళు ఎదురెదురుగా రెండు వరుసల్లో నిలబడి మట్టి తట్టలు అందించుకుంటూ ఒక పాట పాడేవాళ్ళు. నేను ఆ గట్టు మీదే చీర ఊయలలో పెరిగి, అక్కడే నడక నేర్చాను. నాకు రాగం ముక్కొకటి గుర్తుంది, అమ్మ గొంతు గుర్తుంది, మాటలు లేవు. బతికుండగా ఎన్నిసార్లడిగినా "గిప్పుడెందుకురా గవి" అని నవ్వేసి పనిలో పడేది. అమ్మ పోయింది. ఆనాటి గుంపులో ఇక పెద్దమ్మ ఒక్కతే మిగిలింది. ఆమెకు మతిమరుపు మొదలైందని విన్నాక నాకు కాళ్ళు నిలవలేదు. ఆ పాట కూడా పోతే అమ్మ గొంతును ఇక ఎక్కడ వెతకాలి?

పోయిన డిసెంబరులో పెద్దమ్మ ఉండే అమరచింతకు పోయాను. ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, కొంగుకు మైకు తగిలించి, ఫ్యాను ఆపి, కోళ్ళను తరిమి, ఇక పాడమన్నాను. పెద్దమ్మ పెళ్ళిచూపులకు కూర్చున్నట్టు బిగుసుకుపోయింది. ఒక ముక్క పాడి ఆగింది. చాలాసేపు ఊరకుంది. మళ్ళీ ఒక ముక్క, మళ్ళీ మౌనం. పాపం మరిచిపోయిందనుకుని జాలిపడ్డాను. ఇంటికొచ్చి కంప్యూటర్లో ఆ ఖాళీలన్నీ కత్తిరించి, ముక్కలను దగ్గరికి చేర్చి అతికించాను. పాట అద్దంలా వచ్చింది. ఇంతటి నిపుణుడు కరెంటు ఆఫీసులో మగ్గిపోతున్నాడే అని నామీద నాకే బెంగ కలిగింది.

మరుసటి ఆదివారం ఆ ఘనకార్యాన్ని వినిపించడానికి పోయాను. గేటు ముందు ఒక ట్రాక్టరెడు మొరం, అదే ఎర్ర గరుసు మట్టి, కుప్ప పోసి ఉంది. వాకిలి ఎత్తు చేసుకుందామని పెద్దమ్మ పోయించుకుంది. నా ఫోను చెవి దగ్గర పెట్టుకుని విని మొహం చిట్లించింది.

"గిదేం పాటరా? అడుగుడే ఉన్నది, జెప్పుడేది?"

"నువ్వు పాడిందే గద పెద్దమ్మా."

"నేను అడిగి ఆగిన. జెప్పేటిది మీ అమ్మ. ఆమె జెప్పెదాంక ఆగాలె గద! నేను ఆగిన జాగనంత యాడ పడేసినవ్?"

అదంతా కంప్యూటర్ చెత్తబుట్టలో ఉంది.

అప్పుడు చెప్పింది. తట్ట అందించేవాళ్ళు అడగాలి, అందుకునేవాళ్ళు జవాబు చెప్పాలి. మేస్త్రి ఎవరినెక్కడ నిలబెడితే వాళ్ళ చోటు అదే. పెద్దమ్మ ఎప్పుడూ అందించే వైపు, అమ్మ ఎప్పుడూ అందుకునే వైపు. అన్నేళ్ళు ఎదురెదురుగా పాడినా ఎవరి సగం వాళ్ళదే. అమ్మ ఏం చెప్పేదని అడిగాను.

"ఏమో కొడుకా. గట్ల కుర్సీల కూసోని అడిగితె యాదికి రాదు."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు కూడా. అమ్మ సగం అమ్మతోనే పోయిందనుకున్నాను. పెద్దమ్మ మూలనున్న పార తీసింది.

"నువ్వు ఏడిస్తె మొరం లోపటికి పోతదా? లే, తట్ట పట్టు."

మతిమరుపు మనిషికి ఉచితంగా కూలీ దొరికిన సంగతి మాత్రం బాగానే గుర్తుంది. అలవాటు కొద్దీ ఫోను రికార్డింగులో పెట్టి గోడ మీద ఉంచి, ఇస్త్రీ చొక్కాతోనే వెళ్ళి నిలబడ్డాను. పెద్దమ్మ తట్ట నింపింది, ఎత్తింది, నా వైపు తిరిగింది. ఎవరూ అడగకుండానే నోరు తెరిచింది.

"ఎవరింట్ల పుట్టెనమ్మ ఎలుగిచ్చె కొడుకు?"

తట్ట చేతుల్లో పడింది. బరువుకు నడుము వంగింది. ఆ వంగడంతోనే నా నోట్లోంచి వచ్చేసింది.

"ఇల్లు లేనోళ్ళింట్ల పుట్టెనమ్మ!"

ఆ మాటలు నాలో ఇన్నాళ్ళు ఎక్కడున్నాయో నాకు తెలియదు. పెద్దమ్మ మాత్రం ఆశ్చర్యపోలేదు. రావలసిన జవాబు వచ్చిందన్నట్టు ఇంకో తట్ట నింపింది.

"ఏమి పరిసి పండబెట్టిరి ఎన్నెల కొడుకును?"

"వరిగడ్డి పరిసి పండబెట్టిరమ్మ!"

మంచు ఊసే లేదు చూశారా. నా శ్రుతికి పక్కింటి కుక్క లేచి వేరే నీడకు పోయింది కానీ నేను ఆపలేదు. పట్టరానంత సంతోషంగా ఉంది. మూడో తట్ట వచ్చింది.

"సూడొచ్చినోళ్ళేమి తెచ్చిరమ్మ?"

తట్ట అందుకున్నాను. జవాబు రాలేదు. ఎంత తడుముకున్నా సండే స్కూలు పాఠమే తట్టింది.

"బంగారం, సాంబ్రాణి..." అని నసిగాను.

పెద్దమ్మ పార కింద పెట్టి మరీ నవ్వింది.

"కాలువ గట్టు మీద బంగారం యాడిదిరా? గది ఎవలకు తోచింది వాళ్ళు జెప్పాలె. ఒకామె రొట్టె తెచ్చిన అంటుండె, ఒకామె ఉల్లిగడ్డ తెచ్చిన అంటుండె."

"మరి అమ్మ?"

"మీ అమ్మనా? ఆమెది దినాం ఒక్కటే. నువ్వు గడ్డకు ఊయలల ఉంటివి. మెడ నీ దిక్కు తిప్పి 'నా కొడుకును తెచ్చిననమ్మ' అంటుండె. అందరం నవ్వుతుంటిమి. మేస్త్రి గుడ నవ్వుతుండె."

అంతమాట అని పెద్దమ్మ మళ్ళీ పార తీసింది. ఆమెకు మొరం లోపలికి పోవాలి. తట్ట నింపి, ఎత్తి, అదే ప్రశ్న మళ్ళీ అడిగింది.

ఆ రికార్డింగు ఇప్పుడు నా దగ్గరుంది. నా సేకరణ మొత్తంలో అంత శ్రుతి తప్పిన పాట లేదు, మేకతో సహా. మా ఆవిడ దీన్ని మాత్రం చెవుల్లో పెట్టుకుని వినమనలేదు. రెండోసారి అడిగిన ఆ ప్రశ్న తరువాత అందులో నా గొంతు లేదు. చాలాసేపు ఏమీ లేదు. ఆ ఖాళీని నేను కత్తిరించలేదు. దాని చివర పెద్దమ్మ కసురుకోవడం వినిపిస్తుంది.

"ఏందిరా గట్ల నిలవడ్డవ్? అందుకో. చేతులు గుంజుతున్నయ్."