కార్జం ఇచ్చి తెచ్చుకున్న ముక్క

బాగా కాలిన ఇనప పెనం మీద మాంసం పడితే వచ్చే చప్పుడు రేకుల మీద తొలకరి పడ్డట్టుంటుందని రాద్దామనుకున్నాను. నిజానికి ఎవరో "ష్‌!" అని మందలించినట్టుంటుంది. ఆ వెంటనే మిరియాలూ, వెల్లుల్లీ, కొద్దిగా మాడిన కొవ్వూ కలిసిన వాసన లేచి, తిరువూరు బస్టాండు రోడ్డు మీద పోయేవాళ్ళ తలల్ని మా కొట్టువైపు తిప్పుతుంది. ఆ వాసన తగిలినప్పుడల్లా నాకు ఏసుపాదం బాబాయి గుర్తొస్తాడు. చుట్టం కాదు, మా ఎదురింటాయన. పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరయ్యాడు. చొక్కా టక్ చేసుకోకుండా పాల ప్యాకెట్టుకి కూడా వెళ్ళేవాడు కాదు. వినయం అనే జబ్బు ఆయనకి జన్మలో సోకలేదు. "గంపలగూడెంలో గేదె దగ్గితే ఇక్కడ నాకు తెలుస్తుందిరా" అనేవాడు. "అది దగ్గాకే కదా బాబాయ్" అనేవాణ్ణి నేను. మా స్నేహం అలా సాగేది.

డిగ్రీ అయ్యాక నేను వంటకొట్టు పెడతానన్నాను. మా నాన్న బస్సు కండక్టరు. దిగాల్సిన చోటు ముందే చెప్పని మనిషంటే ఆయనకి చిరాకు. బస్టాండు రోడ్డులో మాకొక గది ఉంది, పత్తి బస్తాలు వేసుకునేవాళ్ళు ఖాళీ చేసి వెళ్ళారు. నేను అడిగింది ఆ గదే. నాన్న చాలాసేపు ఆలోచించి తీర్పు చెప్పాడు: "కూర మీ అమ్మ కూడా వండుతుంది, దానికి కొట్టెందుకు? ఎవరూ చెయ్యనిదేదో ఆదివారం చేసి పెట్టు. మీ నాయనమ్మ నమిలి మింగితే గది తాళం నీది. ఉమ్మేసిందా, సోమవారం విజయవాడ బస్సెక్కి బ్యాంకు కోచింగులో చేరు." నాయనమ్మకి పైన కొన్ని పళ్ళున్నాయి, కింద కొన్ని ఉన్నాయి. దురదృష్టం ఏంటంటే అవి ఎదురెదురుగా లేవు. నా భవిష్యత్తు వాటి మధ్య ఇరుక్కుంది.

ఫోన్లో చూసిన వీడియోల ధైర్యంతో, ఇంట్లో ఉన్న పెద్దకూరలోంచి లావుపాటి ముక్క ఒకటి తీసి పెనం మీద కాల్చి ముందు నేనే రుచి చూశాను. కొరికాను. అదీ నన్ను కొరికినట్టే అనిపించింది. ఏసుపాదం బాబాయి దాన్ని వేళ్ళతో సాగదీసి, రోగిని చూసిన డాక్టరులా పెదవి విరిచాడు. "ఇది మెడ కండరా! బతికినన్నాళ్ళూ కాడి మోసింది. దీనికి గంటలు కావాలి. పని చెయ్యని కండకైతే క్షణాలు చాలు."

"అయితే నన్ను వండటం చాలా తేలికన్నమాట."

"తేలికే. రుచే ఉండదు."

తప్పు నా ఒక్కడిదే కాదన్నాడాయన, మా వాటాలది కూడానట. మా పేటలో పెద్దకూర కొనరు, కొన్ని ఇళ్ళవాళ్ళు కలిసి ఒక దున్నపోతుకి వాటాలు వేసుకుంటారు. మస్తాన్ కోసి టేకాకుల మీద కుప్పలు పెడతాడు. ఎవరికీ అన్యాయం జరగకూడదని ప్రతి కుప్పలోనూ తొడా, మెడా, డొక్కా, కార్జం తలా కాస్త వేస్తాడు. ఇంటికొచ్చాక అవన్నీ ఒకే కుక్కర్లో పడి ఒకే ఈలకి లేవాలి. సగం కరిగిపోతాయి, సగం మొండికేస్తాయి. "న్యాయం అందరికీ ఒకటేరా అబ్బాయ్, ఉడకడం ఒకటి కాదు" అని బాబాయి వేలెత్తాడు. ఆ వేలు లేచిందంటే ఉపన్యాసం మొదలైనట్టే. కానీ ఆరోజు పనికొచ్చే మాటే చెప్పాడు. రొమ్ముకీ పొట్టకీ మధ్య ఒక తెర ఉంటుందట. దాన్ని పట్టుకుని వేలాడుతూ ఒక కండ ఉంటుందట. బరువు మొయ్యదు, అడుగు వెయ్యదు. మెత్తగా ఉంటుంది, రుచిలో కార్జానికి దగ్గరి చుట్టం.

"మరి మా కుప్పలో ఎప్పుడూ కనపడలేదేం?"

"ఒళ్ళంతటికీ ఒక్కటే ఉంటుందిరా. ఒక్కదాన్ని ఇంతమందికి ఎలా పంచుతాడు? అందుకే కుప్పల్లోకి రాదు."

ఆదివారం తెల్లవారగానే ఇద్దరం వాటాల దగ్గర నిలబడ్డాం. బాబాయి ఆ ముక్క అడగ్గానే మస్తాన్ కత్తి ఆగింది. "అది బాగోదు సార్. నేను కుక్కకి వేస్తా." మస్తాన్ ఇంట్లో కుక్క లేదని పేటంతటికీ తెలుసు. బాబాయి తన కుప్పలోంచి కార్జం మొత్తం తీసి మస్తాన్ ముందు పెట్టాడు. అందరి చేతులూ ఆగిపోయాయి. మా వైపు కార్జం కోసం అన్నదమ్ములు మాటలు మానుకున్న సందర్భాలున్నాయి.

"మతిపోయిందా ఏసుపాదం?" అన్నాడు పక్క వాటాదారు రత్తయ్య. "ముక్కూ మొహం లేని ముక్కకి కార్జం ఇస్తావా?"

బాబాయి గొంతు సవరించుకుని వేలెత్తాడు. "రత్తయ్యా, ఇవాళ ఈ కుర్రాడి జీవితంలో..."

"ఈగలొస్తున్నాయి బాబాయ్" అన్నాను. మస్తాన్ నవ్వేసి ముక్క ఆకులో చుట్టి ఇచ్చాడు.

దాని మధ్యలో తెల్లటి నరం ఒకటి నిలువునా ఉంది. బాబాయి దాన్ని తీయించి రెండు పాయలు చేయించాడు. గుడ్డతో తడి అద్ది, ఉప్పూ మిరియాలూ పట్టించి, పెనం పొగలు కక్కాక వేశాను. అమ్మ కిటికీలన్నీ తెరిచింది. "ఇల్లంటుకుందేంట్రా?" అంది నాయనమ్మ మంచం మీంచి. అటూ ఇటూ తిప్పి, పైన ముదురు రంగు రాగానే దించి కత్తి అందుకున్నాను. బాబాయి నా మణికట్టు పట్టుకున్నాడు.

"ముట్టుకోకు."

"చల్లారిపోద్ది బాబాయ్."

"చల్లారదు. వేడికి బిగుసుకుంది, కాస్త ఒదులవ్వనీ. ఇప్పుడే కోస్తే రసమంతా పళ్ళెం పాలవుద్ది. నువ్వు చెయ్యాల్సింది అయిపోయింది, చేతులు వెనక్కి పెట్టుకో."

నాన్న ఖాళీ పళ్ళెం ముందు కూర్చుని గోడ గడియారంతో మాట్లాడుతున్నట్టు, "కోచింగువాళ్ళు హాస్టలు కూడా ఇస్తారంట" అన్నాడు. ఏదో ఒక జోకు వేద్దామని నోరు తెరిచాను. బాబాయి చూసిన చూపుకి మూసేశాను. అంత పొడుగు నిమిషాలు నేనెప్పుడూ చూడలేదు. చివరికి ఆయన తలూపాడు. అలవాటు కొద్దీ నిలువుగా కోయబోయాను. ఆయన పీచు ఎటు నడుస్తోందో గోటితో గీసి చూపించి, "దానికి అడ్డంగా, పల్చగా" అన్నాడు. కోస్తే లోపల లేత ఎరుపు.

అమ్మ గుండె మీద చెయ్యేసుకుంది. "పచ్చిగా ఉందిరా!"

"ఉడికింది వదినా. ఈల వెయ్యలేదంతే" అన్నాడు బాబాయి.

పప్పుచారు అన్నంలో ఒక ముక్క పెట్టాను. నాయనమ్మ నోట్లో వేసుకుంది. దవడ ఎడమకి వెళ్ళింది, కుడికి వెళ్ళింది, ఆగింది. నేను మనసులో హాస్టలు గదిలో పక్క పరుచుకుంటున్నాను. ఆవిడ గొంతు కదిలింది. మింగేసింది! మింగి, మా అందరి మొహాలూ అనుమానంగా చూసి అంది: "ఇన్నేళ్ళూ దీన్ని ఎవరు తింటున్నార్రా?"

"మస్తాన్ కుక్క" అన్నాన్నేను.

"ఇంకో నాలుగు ముక్కలెయ్" అందావిడ.

నాన్న జేబులోంచి తాళంచెవి తీసి పప్పుచారు గిన్నె పక్కన పెట్టి, అదే చేత్తో పెద్ద ముక్క ఒకటి తన పళ్ళెంలోకి లాక్కున్నాడు. నేను గెంతులేశాను. అమ్మ నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది, పొగకని చెప్పింది. బాబాయి చొక్కా సర్దుకుని, వేలెత్తి లేచి నిలబడ్డాడు. "కూర్చుని తినరా ఏసుపాదం, చల్లారిపోద్ది" అంది నాయనమ్మ. ఆయన ఉపన్యాసం మొదలవకముందే ఆగడం నేను చూసింది ఆ ఒక్కసారే.

కొట్టు తెరిచిన రోజునుంచి ఆయన గుమ్మంలో కుర్చీ వేసుకుని వచ్చిన ప్రతివాడికీ ఆ కథ చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ ఆయన వదులుకున్న కార్జం బరువు పెరిగేది. నిరుడు వానాకాలంలో నిద్రలోనే పోయాడు. అంత ఆర్భాటం మనిషి అంత చప్పుడు లేకుండా వెళ్ళిపోయాడంటే నాకింకా నమ్మకం కుదరలేదు.

ఇప్పుడు ఆదివారాలు మా కొట్టు ముందు నిలబడటానికి చోటుండదు. పెనం మీంచి దించగానే ఎవరో ఒకరు అరుస్తారు: "అయిపోయిందిగా, పెట్టవేంటయ్యా?" నేను కత్తి పక్కన పెట్టేస్తాను. చేతులు వెనక్కి వెళతాయి. నాలిక చివరిదాకా వచ్చిన మంచి జోకు కూడా అక్కడే ఆగుతుంది. మాంసం తన పని తాను చేసుకుంటూ ఉంటుంది. నేను దాని జోలికి పోకుండా నిలబడి ఉంటాను.