నా ముందర చక్కగా నడిచిన పిల్ల

ఎనభైల మొదట్లో నేను నంద్యాల ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టును. వారానికోసారి ఆళ్లగడ్డ ఆసుపత్రికి పోయేవాణ్ణి. ఫిజియోథెరపిస్టు అనే మాటకు రెండు ఊళ్లలోనూ ఎవరికీ నోరు తిరగలేదు కనుక, నొప్పులకు కరెంటు మిషను పెట్టే కరెంటు సార్‌నయ్యాను. ఏ నొప్పికైనా కరెంటు పెట్టమనేవాళ్లు. కరెంటు వద్దు, కర్నూలు పోండి అంటే ఈయనకు పని రాదని తేల్చేసేవాళ్లు.

ఒకసారి ఆళ్లగడ్డకు దొర్నిపాడు నుంచి ఒక బడి అయ్యవారు ఆరేళ్ల కూతుర్ని తెచ్చాడు. పిల్లకు చర్చికి వేసే గౌను తొడిగాడు.

"మోకాలు నొప్పని కుంటుతాది సార్. బడి ఎగ్గొట్టేదానికి నాటకం. మీరు చెప్తే ఇంటాదని తెచ్చినా."

పిల్లను నడవమన్నాను.

"సక్కగా నడువు, సార్ చూస్తాండాడు" అన్నాడు తండ్రి.

గీత గీసినట్టు నడిచింది. మోకాలు వంచి చూశాను. నొప్పా అంటే నాయన మొహం చూసి లేదంది. అయ్యవారు చూశారా అన్నట్టు తల ఊపాడు.

మా వైపు పిల్లల్ని చూపించడానికి తెచ్చేవాళ్లందరిదీ ఇదే వరస. మొహం కడిగి, పౌడరు పూసి, పెళ్లిచూపులకు తెచ్చినట్టు జబ్బు కనపడకుండా తెస్తారు. అందుకే నాకూ ఒక పద్ధతి ఉండేది. ఏమీ లేదు, పోండని పంపించి, కిటికీ దగ్గర నిలబడేవాణ్ణి.

గేటు దాకా పిల్ల చక్కగానే పోయింది. తండ్రి కాస్త ముందుకు పోగానే ఒళ్లు ఒక పక్కకు ఒరిగింది. అడుగడుక్కీ ఒరుగుతోంది. చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను.

వెనక్కి తెచ్చి బల్లమీద పడుకోబెట్టి, ఈసారి తుంటి దగ్గర కాలు తిప్పాను. లోపలికి తిరగలేదు. పిల్ల పెదవి కొరుక్కుంది తప్ప నోరు తెరవలేదు.

"రేపే కర్నూలు ఎముకల డాక్టరు దగ్గరికి పోండి. తుంటికి ఎక్స్‌రే తీస్తారు" అని చీటీ రాసిచ్చాను.

"నొప్పి మోకాల్లో అయితే తుంటికి ఫోటో ఏందీ సార్? బోడిగుండుకూ మోకాలికీ ముడేస్తాండారే."

నాకు ఒళ్లు మండింది.

"తుంటి చెడినా పిల్లలు మోకాలే చూపిస్తారు. జబ్బు పేరు డాక్టరు చెప్తాడు. నడిపించొద్దని నేను చెప్తాండా. ఇట్లే నడిపిస్తే లోపల ఎముక నలిగి జన్మంతా కుంటుతాది. నాటకమాడింది కుంటినప్పుడు కాదయ్యా, నా ముందర సక్కగా నడిచినప్పుడు."

అయ్యవారు చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. పిల్ల బల్ల దిగి ఆయన చొక్కా పట్టుకుంది.

"నాయనా, ఇంగ కుంటొచ్చా?"

ఆయన కూతుర్ని ఎత్తుకున్నాడు. నేను మళ్లీ కిటికీ దగ్గరికి పోయాను. రోడ్డు మలుపు దాకా దించలేదు.