పార్కు రెయిలింగ్ పోయింది

పక్షవాతం వచ్చాక మా ఆయన రోజూ పొద్దున్నే ఏలూరులో మా వీధి చివరి పార్కుకి వెళ్లి, రెయిలింగ్ పట్టుకుని మళ్లీ నడక నేర్చుకుంటున్నారు. నిన్నటికి సగం చుట్టు నడిచారు. ఇవాళ వెళితే పార్కు ఎగ్జిబిషన్‌కి ఇచ్చేశారట, రెయిలింగ్ పొడుగునా స్టాళ్లు కట్టేస్తున్నారు.

"ఏవండీ, ఒక్కవైపైనా వదలండి, ఈయన నడవాలి" అని అక్కడివాళ్లని బతిమాలాను.

"నెలరోజులేనండి. సాయంత్రం తీసుకురండి, జెయింట్ వీల్ ఎక్కిద్దాం" అన్నాడు స్టాళ్లు కట్టిస్తున్నాయన, ఎంతో మర్యాదగా.

ఒక్కరోజు కూడా మానొద్దని డాక్టరుగారి మాట. ఇంటికొచ్చి ఆయన కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డారు. "తర్వాత ఏది పట్టుకోనే?" అన్నారు.

ఎగ్జిబిషన్ వద్దనను, మా పిల్ల కూడా ఎదురుచూస్తోంది. కానీ మీ వీధిలో పొడుగాటి రెయిలింగ్ ఎక్కడైనా ఉంటే చెప్పండి. కుడివైపు ఉండాలి. ఆ చెయ్యొక్కటే పనిచేస్తోంది.