ఊడి ఉన్న ప్లగ్గు

తిరుమలరావు ఆమదాలవలసలో వడ్రంగి. ఊళ్లో కొత్త ఇళ్లకు వార్డ్‌రోబులు, వంటింటి అరలు చేసేవాడు. చెక్క మీద అతికించిన సన్‌మైకా అంచుల్ని ట్రిమ్మర్‌తో నున్నగా కొయ్యడంలో అతని చేతికి పేరుండేది.

ట్రిమ్మర్ గుప్పెట్లో ఇమిడే మిషన్. చిన్నదే కదా అని దాన్ని అలుసుగా చూస్తే అతనికి గిట్టేది కాదు. కళ్లద్దాలు లేకుండా ముట్టడు. చెక్కను బల్లకు బిగించి, రెండు చేతులా మిషన్ పట్టుకుని, కోసే బిట్టు పూర్తి వేగం అందుకున్నాకే అంచుకు ఆనిస్తాడు. పనయ్యాక బిట్టు తిరగడం ఆగేదాకా కింద పెట్టడు. బిట్టు మార్చాలంటే ముందు ప్లగ్గు పీకాల్సిందే. తిరుమలరావు పూజ మొదలెట్టాడని తోటి వడ్రంగులు నవ్వేవారు. నవ్వుతూనే, తేడా రాకూడని పనికి అతన్నే పిలిచేవారు.

భార్య సుహాసిని తమ్ముడు దేవేంద్ర చదువు మానేసి ఖాళీగా తిరుగుతుంటే తిరుమలరావే పిలిచి పని నేర్పాడు. దేవేంద్రది చురుకైన చెయ్యి. ఓపిక మాత్రం తక్కువ. స్విచ్ నొక్కి మిషన్ ఆపడానికీ బద్ధకమే. వైరు పట్టి లాగేసేవాడు. తిరుమలరావు చాలాసార్లు కోప్పడ్డాడు.

జగన్నాధం అనే బియ్యం వ్యాపారి కొత్త ఇంట్లో పని జరుగుతోంది. గృహప్రవేశం దగ్గర పడింది. ఆ మధ్యాహ్నం దేవేంద్ర ఎప్పటిలాగే స్విచ్ ఆపకుండా ట్రిమ్మర్ వైరు లాగేసి వెళ్లాడు. బిట్టు అరిగిందని తిరుమలరావు మిషన్ అందుకున్నాడు. ప్లగ్గు ఊడి నేలమీద ఉండడం చూశాకే స్పానర్ పెట్టాడు. స్విచ్ వంక చూడలేదు. అంతలో దేవేంద్రకు డ్రిల్లింగ్ మిషన్ కావలసి వచ్చింది. నేలమీద రెండు నల్ల వైర్లున్నాయి. చేతికందినదాన్ని బోర్డులో గుచ్చాడు. అది ట్రిమ్మర్‌ది.

తిరుమలరావు కుడి బొటనవేలు సగం పోయింది. చూపుడువేలు నరాలు తెగి, ఆ తర్వాత ఇక వంగలేదు.

శ్రీకాకుళం ఆస్పత్రిలో జగన్నాధం ఎలా జరిగిందని అడిగాడు. దేవేంద్ర, "బావేనండి, ప్లగ్గు తియ్యకుండా బిట్టు ఇప్పబోనాడు" అన్నాడు.

మంచం మీదున్న తిరుమలరావు విన్నాడు. భయపడి అన్నాడు, రేపో మాపో తనే నిజం చెబుతాడులే అనుకున్నాడు. పక్కనే సుహాసిని తమ్ముడి చెయ్యి పట్టుకుని ఏడుస్తోంది. తిరుమలరావు అసలు సంగతి బయటపెట్టలేదు.

దేవేంద్ర చెప్పలేదు. ఆ మాటే ఊరంతా పాకింది. బావ పనులన్నీ తనే ఒప్పుకుని చేయసాగాడు. బావను మాత్రం వదిలెయ్యలేదు. గరుకు కాగితం రుద్దడానికి, పొట్టు ఊడ్చడానికి వెంట తీసుకెళ్లేవాడు.

కొన్నాళ్లకు పాతపట్నం నుంచి ఇద్దరు కొత్త పనివాళ్లు వచ్చారు. వాళ్లకు ట్రిమ్మర్ చూపిస్తూ దేవేంద్ర అన్నాడు: "మా బావ సెయ్యి సూడండి. ప్లగ్గు తియ్యకపోతే అలగే అవుతాది."

ఇద్దరూ చూశారు. తిరుమలరావు గరుకు కాగితం కింద పెట్టాడు.

"ఊడే ఉన్నాది ప్లగ్గు. దాన్ని నువ్వెట్టినావు, దేవేంద్రా."

దేవేంద్రకు కోపం రాలేదు. జాలిగా, "సర్లే బావా, అలగే అనుకో" అన్నాడు. పనివాళ్లలో ఒకడు తల దించుకుని నవ్వుకున్నాడు.

ఆ సాయంత్రం తిరుమలరావు జరిగిందంతా భార్యకు చెప్పాడు.

"నిజమైతే ఆస్పత్రిలోనే సెప్పీవోడివి గదా," అంది ఆమె. "ఇన్నాళ్లూ వోడు మనకి కూడెడతన్నాడు. ఇప్పుడేటి ఈ మాట?"

"అప్పుడు నువ్వు ఏడస్తన్నావని సెప్పలేదు."

"నా మీదకి తొయ్యకు," అంది సుహాసిని.

మర్నాటి నుంచి అతను దేవేంద్ర దగ్గరికి వెళ్లలేదు. రైల్వే స్టేషన్ బయట సైకిల్ స్టాండులో పనికి కుదిరాడు. ఎడమ చేత్తో చీటీలు చింపి ఇస్తాడు. తెలిసినవాళ్లు బండి పెట్టినప్పుడు అంత జాగ్రత్త మనిషికి ఇలా జరిగిందేమిటని నొచ్చుకుంటారు. అతను చిల్లర అడుగుతాడు.

ఇంట్లో ఆ ప్రస్తావన మళ్లీ రాలేదు. ఆ వేళ్లతో చొక్కా గుండీలు పెట్టుకోలేడు కాబట్టి రోజూ పొద్దున్న సుహాసినే పెడుతుంది. ఆమె పెడుతున్నంతసేపూ అతను గోడవైపు చూస్తుంటాడు.