డ్రమ్ము అడుగున తెల్లటి సూదులు

ఆదివారం. పుంగనూరు పక్కన మా పల్లెలో పొద్దున మంచు, గట్టి చలి. ఆవుకు గడ్డి వేసి వస్తుంటే పక్క టమోటా తోటలో రెడ్డెప్ప కేకలు వినిపించాయి.

డ్రిప్పులో వదలాలని నిన్న మధ్యాహ్నం అతను పొటాషియం నైట్రేట్ ఎరువు బస్తా మొత్తం చిన్న డ్రమ్ములో కరిగించాడు. ఇంతలో బోరు నీళ్ల వంతు దగ్గర తమ్ముడు మల్లప్పతో గొడవపడి, వదలకుండానే ఇంటికి పోయాడు. ఈ రోజు చూస్తే డ్రమ్ము అడుగున తెల్లగా, మందంగా పేరుకుని ఉంది. నేను వెళ్లేసరికి మల్లప్ప మీద అరుస్తున్నాడు.

"నా తోట సచ్చిపోవాలని ఉప్పేసినావు కదరా!"

"నిన్న నా సంగటికే ఉప్పు లేదు, నీ డ్రమ్ముకు యాడ తెచ్చేదన్నా?"

నేను కొంచెం తీసి చూపించాను. కల్లుప్పు పలుకులుగా ఉంటుంది, ఇవి సూదుల్లా ఉన్నాయి. ఎండపూట కరిగిన ఎరువును రాత్రి చలికి నీళ్లు పట్టుకోలేక వదిలేశాయి, అంతే. పోయిన చలికాలం నా డ్రమ్ములోనూ ఇదే జరిగింది. రెడ్డెప్ప నమ్మలేదు. మల్లప్పే మా ఇంటి నుంచి వేన్నీళ్లు మోసుకొచ్చి పోశాడు. కలుపుతుంటే సూదులన్నీ కరిగిపోయాయి.

మల్లప్ప తువ్వాలు దులిపి భుజాన వేసుకుని కదిలాడు. రెడ్డెప్ప వెనక నుంచి పిలిచాడు.

"ఒరేయ్, ఏమన్నా తిన్నావా?"

"లేదు."

"మీ వదిన దోసెలు పోస్తాండాది. రా."

మా వైపు అన్న తమ్ముడికి చెప్పుకునే క్షమాపణ ఇంతే. మీ వైపు దీనికి వేరే మాటలేమైనా ఉన్నాయా?